ఒక్క బొమ్మ చూసి వాన చెప్పనివ్వకండి

విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి, జిల్లాలోని సైన్సు, సోషల్ ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్త వస్తే చాలు, ఫోన్లన్నీ ఉపగ్రహ చిత్రాలతో నిండిపోతాయి. ఎర్రటి ముద్ద, దాని చుట్టూ పసుపు, నీలం. హైస్కూలు పిల్లలు వాటిని ఒకరికొకరు పంపుకుంటారు, రేపు బడి ఉంటుందా ఉండదా అని వాదించుకుంటారు. ఆ ఎరుపు దేన్ని చూపిస్తోందో, ఆ చిత్రం ఏ గంటకు తీసిందో, ఆ మేఘం కింద వాన పడుతోందో లేదో మాత్రం చెప్పలేరు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మన తరగతి గదుల్లో ఉపగ్రహ చిత్రమంటే పుస్తకంలో అచ్చయిన ఒక తుపాను ఫొటో. "ఇది కన్ను, ఇవి మేఘాలు" అని చెప్పి పేజీ తిప్పేస్తాం.

ఉపగ్రహ చిత్రాలు, వాతావరణ పటాలు చదవడం తెలిసినవాళ్లుగా మేం కోరుతున్నది ఇదీ. 8, 9 తరగతులకు సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు వారానికి రెండు పీరియడ్లు కేటాయించండి. ఉపగ్రహ చిత్రం, వాతావరణ పటం, బడి ఆవరణలోంచి కనిపించే ఆకాశం, ఈ మూడూ ఒకే సమయానివి పక్కపక్కన పెట్టి చదివించండి. చదివినదాన్ని బట్టి రేపటి వాతావరణం రెండు వాక్యాల్లో రాయించండి. మర్నాడు ఉదయం సరిచూడండి. తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్న ఊరు మనది. కైలాసగిరి మీద, వాన ఎక్కడ పడుతోందో చూపే డాప్లర్ రాడార్ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను ఈ నగరం మీదుగానే దాటింది. ఈ చదువు మొదలుపెట్టడానికి ఇంతకన్నా తగిన చోటు ఇంకొకటి లేదు.

ఎలా నేర్పాలో, ఎక్కడెక్కడ పిల్లలు తప్పటడుగు వేస్తారో కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు చిత్రం సంగతి. మనకు రోజూ వచ్చే చిత్రాలు ఇన్‌శాట్-3డీఆర్, ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహాలవి. మొదటిదాన్ని 2016 సెప్టెంబరు 8న, రెండోదాన్ని 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో పాటే తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఎప్పుడూ మన వైపే చూస్తుంటాయి. ఒక్కోటి అరగంటకో చిత్రం పంపుతుంది. వాటిలో చిత్రాలు తీసే ఇమేజర్‌కు ఆరు చానళ్లున్నాయి. బడికి మూడు చాలు: దృశ్య కాంతి, ఇన్‌ఫ్రారెడ్, నీటి ఆవిరి. భారత వాతావరణ శాఖ 'మౌసమ్' వెబ్‌సైట్లోనూ, అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం నడిపే 'మోస్‌డాక్'లోనూ ఇవి ఉచితంగా దొరుకుతాయి.

దృశ్య కాంతి చిత్రం సూర్యుడి వెలుగు ఎంత తిరిగొచ్చిందో చూపిస్తుంది. మందపాటి మేఘం తెల్లగా, పలచటిది మసకగా, సముద్రం నల్లగా ఉంటాయి. రాత్రి ఈ చిత్రం ఉండదు. ఇన్‌ఫ్రారెడ్‌ది వేరే లెక్క. అది కొలిచేది పైభాగపు ఉష్ణోగ్రత. ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా చూపిస్తారు. ఎత్తుకు వెళ్లే కొద్దీ చలి పెరుగుతుంది కాబట్టి తెలుపు అంటే ఎత్తు. ఒకదానిలో తెలుపు మందాన్ని చెబుతుంది, ఇంకోదానిలో ఎత్తును. పిల్లలకు ఈ తేడా ఒంటబట్టేదాకా ముందుకు కదలొద్దు. మిగతా పాఠమంతా దీని మీదే నిలబడుతుంది.

అందుకని ఎప్పుడూ రెండు చిత్రాలూ కలిపే ఇవ్వాలి. రెండింట్లోనూ తెల్లగా ఉంటే అది మందంగానూ ఎత్తుగానూ ఉన్న మేఘం, అంటే ఉరుములు, పిడుగులు, గట్టి వాన తెచ్చే క్యుములోనింబస్. దృశ్య చిత్రంలో తెల్లగా ఉండి ఇన్‌ఫ్రారెడ్‌లో బూడిద రంగులో ఉంటే కింది మేఘం, లేదా పొగమంచు. దృశ్య చిత్రంలో వెనకనున్న తీరరేఖ కూడా కనిపించేంత పలచగా ఉండి, ఇన్‌ఫ్రారెడ్‌లో మాత్రం తెల్లగా మెరిస్తే అది బాగా ఎత్తున ఉండే సిర్రస్. దాని నుంచి నేలకు చినుకు రాలదు. ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే చూసి "విశాఖ మీద తెల్లటి మేఘం, భారీ వర్షం" అని రాసే పిల్లలు పదికి ఆరుగురైనా ఉంటారని ముందే అనుకోండి. వాళ్లను కిటికీ దగ్గరికి పంపండి. బయట ఎండ కాస్తుంటుంది, పైన పలచటి తెల్లపొర ఉంటుంది. ఆ ఒక్క చూపుతో అర్థమవుతుంది.

దీనికి పాడేరు మన్యాన్ని మించిన పాఠం లేదు. డిసెంబరు, జనవరిలో గాలి నిలిచిపోయి, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి తర్వాత ఉదయం 8 గంటల దృశ్య చిత్రం తీసుకోండి. చింతపల్లి, లంబసింగి, అరకు ప్రాంతంలో తెల్లటి గీతలు కొమ్మల్లా చీలి కనిపిస్తాయి. అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, ఎందుకంటే అవి లోయల ఆకారాన్నే పట్టుకుని ఉంటాయి. అదే సమయపు ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో అక్కడ దాదాపు ఏమీ కనిపించదు. మంచు పైభాగానికీ పక్కనున్న నేలకూ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు మరి. ఇప్పుడు 8, 8:30, 9, 9:30, 10 గంటల దృశ్య చిత్రాలను వరసగా పెట్టండి. మేఘమైతే గాలితో జరగాలి. ఇది జరగదు. అంచుల నుంచి లోపలికి కరుగుతూ పోతుంది. పలచగా ఉన్న అంచుల దగ్గర ఎండ నేలను తొందరగా తాకి వేడెక్కిస్తుంది, నడుమ మందంగా ఉన్నచోట ఆలస్యమవుతుంది. ఎత్తులు చూపే భౌతిక పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి ఆ గీతల్ని గీయిస్తే, పిల్లలు లోయల పటాన్నే గీసినట్టవుతుంది. కదలనిది, లోయ ఆకారంలో ఉన్నది, అంచుల నుంచి కరిగేది పొగమంచు. ఈ మూడు గుర్తులూ వాళ్ల చేతే చెప్పించండి, మీరు ముందుగా చెప్పకండి.

ఇంకో జత ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలది. పాత చిత్రాలు మోస్‌డాక్‌లో ఉంటాయి కాబట్టి సెప్టెంబరులో కూడా చేయించవచ్చు. ఉదయం 11 తర్వాత దృశ్య చిత్రాల్లో తీరం వెంబడి సముద్రం మీద మేఘాల్లేని పట్టీ, దానికి సమాంతరంగా నేల మీద చిన్న చిన్న మేఘాల వరస కనిపిస్తాయి. సముద్ర గాలి ఎంతదాకా లోపలికి వచ్చిందో ఆ వరసే చెబుతుంది. మధ్యాహ్నం దాటాక తూర్పు కనుమల మీద ఒకటి రెండు చోట్ల మేఘం ఉబ్బడం మొదలవుతుంది. అరగంట తర్వాతి చిత్రంలో అదే మేఘం రెట్టింపు వెడల్పుతో, ఒక పక్కకు సాగి కనిపిస్తుంది. సాగిన దిక్కును బట్టి పైగాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. వేసవిలో పైన పడమటి గాలులు కాబట్టి మేఘపు తల తూర్పుకు సాగుతుంది. నైరుతి రుతుపవన కాలంలో పైన తూర్పు గాలులు బలంగా ఉంటాయి కాబట్టి పడమటికి సాగుతుంది. ఒకే కొండ మీద పుట్టిన మేఘం కాలాన్ని బట్టి తల తిప్పుతుందని తెలిస్తే పిల్లలకు భలే ఆసక్తి పుడుతుంది. ఉబ్బిన మేఘం మొనదేలి ఉన్న వైపు, అంటే పైగాలి వచ్చే వైపు, సాధారణంగా వాన, పిడుగులు ఎక్కువ. వెడల్పుగా పరుచుకున్న రెండో వైపు ఉన్నది చాలావరకు పలచటి తెరే.

చిత్రానికి ఉన్న పరిమితి కూడా చెప్పాలి. దృశ్య చిత్రంలో ఒక చుక్క నేల మీద 1 కిలోమీటరు, ఇన్‌ఫ్రారెడ్‌లో 4 కిలోమీటర్లు, నీటి ఆవిరి చిత్రంలో 8 కిలోమీటర్లు. గాజువాక మీద మాత్రమే కురిసే జల్లు ఇన్‌ఫ్రారెడ్‌లో ఒకటి రెండు చుక్కలకు మించదు. పైగా ఉపగ్రహం భూమధ్యరేఖ పైనుంచి మన వైపు ఏటవాలుగా చూస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తున్న మేఘపు తల ఉన్నచోటు కంటే సుమారు 6 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగినట్టు చిత్రంలో పడుతుంది. కాబట్టి "మా వీధి మీద వాన ఉంది" అని ఉపగ్రహ చిత్రం చూసి చెప్పడం కుదరదు. దానికి రాడార్ చిత్రం ఉంది, అది 9వ తరగతిలో కలపండి.

రంగుల దగ్గర అందరూ పొరబడతారు. వార్తల్లో వచ్చే రంగుల ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో ఎరుపు వేడికి గుర్తు కాదు. అక్కడ ఎరుపు వేసేది అత్యంత చల్లని చోటికి. ఒక్కో వెబ్‌సైటు ఒక్కో రంగుల వరస వాడుతుంది కూడా. అందుకే చిత్రం పక్కనున్న ఉష్ణోగ్రత పట్టీ కత్తిరించేసిన ఏ చిత్రాన్నీ తరగతి గదిలోకి రానివ్వకండి. పట్టీ ఉంటే దానితో లెక్క చేయించవచ్చు. నేల మీద 28 డిగ్రీలు, మేఘపు తల మైనస్ 72 డిగ్రీలు అనుకుందాం. తేడా 100. కిలోమీటరు ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 100ని 6.5తో భాగిస్తే 15 కిలోమీటర్ల పైచిలుకు. ఎవరెస్టు ఎత్తు 8.85 కిలోమీటర్లని పిల్లలకు తెలుసు, కాబట్టి ఆ మేఘం ఎంతటిదో వాళ్లే గ్రహిస్తారు. ఒక జాగ్రత్త ఉంది. పలచటి సిర్రస్ గుండా కిందనుంచి వచ్చే వేడి కూడా ఉపగ్రహానికి చేరుతుంది. అప్పుడు మేఘం ఉన్నదానికన్నా వెచ్చగా కనిపించి, లెక్క వేసిన ఎత్తు తక్కువ వస్తుంది. మందపాటి మేఘానికే ఈ లెక్క వాడాలి.

అచ్చు వేసేటప్పుడు మరో చిక్కు. చాలా బళ్లలో నలుపు-తెలుపు ప్రింటరే ఉంటుంది. రంగుల చిత్రాన్ని దాని మీద తీస్తే ఎరుపూ నీలమూ ఒకే బూడిద రంగులోకి మారి, మేఘం నడుమ భాగం మామూలు మేఘంలా పడుతుంది. రంగులు వేయని బూడిద ఇన్‌ఫ్రారెడ్ చిత్రాన్నే ఎంచుకుని ఏ4 కాగితం మీద తీయండి. నలుగురు పిల్లలకు ఒక జత చాలు.

ప్రతి చిత్రం మీదా సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం. 06:00 యూటీసీ అంటే మనకు ఉదయం 11:30. 21:00 యూటీసీ అంటే మర్నాడు తెల్లవారుజామున 2:30, తేదీ కూడా మారుతుంది. చిత్రం చేతికి రాగానే మొదట చేయాల్సిన పని తేదీ, సమయం నోటుబుక్కులో రాయడం. ఇది అలవాటైన పిల్లలు పాత తుపాను చిత్రం కొత్తదిగా చలామణీ అయితే వెంటనే పట్టేస్తారు.

నీటి ఆవిరి చిత్రం గురించి క్లుప్తంగా. అది చూపించేది నడిమి, పై పొరల్లోని తేమ. విశాఖలో చెమటలు పట్టించే నేల దగ్గరి తేమ అందులో కనిపించదు. నల్లగా ఉన్నచోట పైన పొడిగాలి ఉందని అర్థం. అలాంటి పొడిగాలి లోపలికి చొరబడితే తుపాను కూడా చతికిలబడుతుంది. 2013 నవంబరులో అతి తీవ్ర తుపానుగా ఎదిగిన లెహర్, తీరం చేరకముందే సముద్రం మీదే వేగంగా బలహీనపడి, 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా మాత్రమే తీరం దాటింది. పొడిగాలి, పైగాలుల కోత (ఎత్తును బట్టి గాలి వేగం, దిక్కు మారిపోవడం), కిందనున్న సముద్రంలో చాలినంత వేడి లేకపోవడం దానికి కారణాలు. ఉపగ్రహ చిత్రంలో తుపాను కనిపించగానే విధ్వంసం ఖాయమని తేల్చేయకూడదని చెప్పడానికి లెహర్ మంచి ఉదాహరణ.

ఇక పటం. చిత్రం మేఘాన్ని చూపిస్తుంది, ఆ మేఘం ఎందుకు పుట్టిందో పటం చెబుతుంది. ఏ4 కాగితం మీద 5 నుంచి 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 75 నుంచి 95 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు ఖాళీ పటం గీయండి. డిగ్రీకి సెంటీమీటరు పెడితే 20 సెంటీమీటర్ల చదరంలో బంగాళాఖాతమంతా సరిపోతుంది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తరం, 83.3 డిగ్రీల తూర్పు. ఒక డిగ్రీ అక్షాంశం 111 కిలోమీటర్లు. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 106 కిలోమీటర్లు. అసలు పటాన్ని ఫొటోకాపీ తీయించి, దాని మీద బటర్ పేపర్ పెట్టి రోజూ గీయిస్తే ఖర్చు రూపాయల్లో ఉంటుంది.

పటం మీద తీరంలోనూ లోపలా ఉన్న 20, 25 వాతావరణ కేంద్రాల సముద్రమట్ట పీడనాలు వేసి 2 హెక్టోపాస్కళ్లకో (పీడనాన్ని కొలిచే ప్రమాణం) సమభార రేఖ, అంటే ఒకే పీడనమున్న చోట్లను కలిపే గీత, గీయించండి. హెచ్‌బీ పెన్సిల్, మంచి రబ్బరు ఉండాలి, పెన్ను వద్దు. పిల్లలు చుక్కలు కలిపే ఆటలాగా కేంద్రం నుంచి కేంద్రానికి గీత లాగుతారు. అది తప్పు. ఒక ఊళ్లో 1003, ఇంకో ఊళ్లో 1007 ఉంటే 1004 రేఖ మొదటి ఊరి నుంచి పావు దూరంలో వెళ్లాలి. రెండు రేఖలు ఎప్పుడూ ఒకదాన్నొకటి దాటవు. రేఖ నడి పటంలో ఆగిపోదు, చుట్టు తిరిగి కలవాలి, లేదా అంచు దాకా పోవాలి. ఒక్క కేంద్రం విలువ మిగతావాటితో పొసగకపోతే దాని చుట్టూ గుండ్రంగా గీసేయకుండా, రాసుకోవడంలో అంకె తారుమారైందేమో ముందు చూడాలి.

పీడనం విషయంలో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది ఎత్తు. కొన్ని ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది, ఉత్సాహంగా దాన్నే పటంలో వేస్తారు. నేల దగ్గర ప్రతి 8, 9 మీటర్ల ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఆర్కే బీచ్‌లో 1008 ఉంటే సుమారు 170 మీటర్ల ఎత్తున్న కైలాసగిరి మీద ఇంచుమించు 20 తగ్గి 988 చూపిస్తుంది. అది తుపాను కన్నులో ఉండదగ్గ అంకె. సముద్రమట్టానికి సరిచేయని విలువ పటంలో పెడితే కైలాసగిరి మీద తుపాను ఉన్నట్టు వస్తుంది.

రెండో ఉచ్చు ఇంకా లోతైనది. మన అక్షాంశాల్లో పీడనం రోజుకు రెండుసార్లు దానంతటదే పెరిగి తగ్గుతుంది. ఉదయం 10, రాత్రి 10 ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున 4, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువ. ఏ అల్పపీడనమూ లేకుండానే ఉదయం 10 నుంచి సాయంత్రం 4కి 3, 4 హెక్టోపాస్కళ్లు పడిపోతుంది. ఉదయం చూసి, సాయంత్రం చూసి "పీడనం పడిపోతోంది" అని పిల్లలు అనుకోవడం సహజం. అందుకే ఇవాళ ఉదయం 8:30 విలువను నిన్న ఉదయం 8:30 విలువతోనే పోల్చాలి. పీడనం పట్టికలో ఒక గడి అదనంగా పెట్టి, 24 గంటల మార్పు అందులో రాయించండి. ఆ గడిలో రోజుకు 2, 3 చొప్పున వరసగా తగ్గుదల కనిపిస్తే అప్పుడు సముద్రం వైపు చూడాల్సిందే.

పటం మీద గాలిని ఈకలున్న కర్ర గుర్తుతో చూపిస్తారు. అందులో పొడవు ఈక 10 నాట్లు, పొట్టి ఈక 5, త్రికోణం 50. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. కర్ర చూపే దిక్కు గాలి వచ్చే దిక్కు, వెళ్లే దిక్కు కాదు. సగం మంది తిరగేసి చదువుతారు. దీన్ని ఆరుబయట సరిచేయవచ్చు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. అక్టోబరులో ఈశాన్య గాలి గట్టిగా వీస్తున్న రోజు మైదానంలో పిల్లల్ని అలా నిలబెట్టండి. ముఖం నైరుతికి, ఎడమ చెయ్యి ఆగ్నేయానికి, అంటే బంగాళాఖాతం వైపు. ఆ తర్వాత తరగతిలోకి వచ్చి ఉపగ్రహ చిత్రంలో ఆ దిక్కున మేఘాల సుడి ఉందేమో వెతకమనండి. గాలి బలహీనంగా ఉన్న రోజు ఇది పని చేయదు. అప్పుడు సముద్ర గాలిదీ కొండలదీ రాజ్యం.

పత్రికల్లో రోజూ కనిపించే వాక్యాన్ని కూడా పాఠంగా చేయవచ్చు. "ఉపరితల ఆవర్తనం సముద్రమట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లే కొద్దీ నైరుతి వైపు వంగి ఉంది." ఈ 1.5, 3.1, 5.8 కిలోమీటర్లు ఎక్కడివో ఎవరూ చెప్పరు. పైగాలుల పటాలను నిర్ణీత పీడన స్థాయిల్లో గీస్తారు. 850 హెక్టోపాస్కళ్ల స్థాయి సుమారు 1.5 కిలోమీటర్ల ఎత్తులో, 700 స్థాయి 3.1లో, 500 స్థాయి 5.8లో ఉంటాయి. ఆవర్తనం అంటే గాలి సుడి. అది ఏ పటం దాకా కనిపిస్తే అంత లోతైనదన్నమాట. నైరుతి వైపు వంగిందంటే పైన దాని కేంద్రం నైరుతికి జరిగి ఉందని. రుతుపవన కాలపు వాయుగుండాల్లో భారీ వానలు కేంద్రానికి నైరుతి భాగంలోనే ఎక్కువగా పడతాయి. విశాఖ వాసులకు ఈ మాట చాలా అవసరం. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను మనకు ఈశాన్యాన, కళింగపట్నం దగ్గర తీరం దాటినా, కుండపోత వానకు విశాఖ నగరం నీట మునిగింది. మన ఊరు దాని నైరుతి పక్కన ఉంది. కేంద్రం ఎక్కడ దాటిందన్న ప్రశ్న ఒక్కటే అడిగితే చాలదు.

తుపాను రోజుల్లో వాతావరణ శాఖ బులెటిన్ తీసుకుని కేంద్రం స్థానాలను పటం మీద వేయించండి. ఊహించిన ఒక లెక్క: ఉదయం 8:30కి 15.0 ఉత్తరం, 86.8 తూర్పు. మధ్యాహ్నం 2:30కి 15.4 ఉత్తరం, 86.3 తూర్పు. ఉత్తరానికి 44 కిలోమీటర్లు, పడమటికి 53, రెండూ కలిపి పైథాగరస్ సూత్రంతో 69. ఆరు గంటలకు 69 అంటే గంటకు దాదాపు 11.5 కిలోమీటర్లు. గణితం టీచరు కూడా సంతోషించే పీరియడ్ ఇది. ఇక్కడ మూడు పొరపాట్లు కాచుకుని ఉంటాయి. తుపాను కదిలే వేగాన్నీ తుపాను గాలుల వేగాన్నీ కలిపేయడం ఒకటి. హుద్‌హుద్ గాలులు గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచాయి, అది ముందుకు కదిలిన వేగం మాత్రం అందులో చిన్న వంతే. ముందున్న దారి చుట్టూ గీసే గరాటు ఆకారాన్ని తుపాను పరిమాణమనుకోవడం రెండోది. అది కేంద్రం ఎక్కడెక్కడికి వెళ్లే అవకాశం ఉందో చూపే హద్దు, రోజులు గడిచే కొద్దీ అనిశ్చితి పెరుగుతుంది కాబట్టి వెడల్పవుతుంది. పైన పరుచుకున్న సిర్రస్ మేఘాలు కదిలే దిక్కును తుపాను దిక్కుగా పొరబడటం మూడోది. కింద గాలులు అపసవ్యంగా లోపలికి చుట్టుకుంటే, పైన గాలి సవ్యదిశలో బయటికి విరజిమ్ముతుంది.

కన్ను దాటే వేళ గాలి తగ్గగానే ప్రమాదం తప్పిందని బయటికి రాకూడదని, కన్ను చుట్టూ ఉన్న మేఘాల గోడ అవతలి భాగం వచ్చేసరికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుందని కూడా ఈ పాఠంలోనే చెప్పాలి. పటం మీద వృత్తం గీసి, విశాఖ చుక్కను దాని వ్యాసం వెంట జరిపి చూపిస్తే కారణం కళ్లకు కడుతుంది. మన తీరంలో పడమటికో వాయవ్యానికో కదులుతూ దాటే తుపానుకు ఉత్తరం పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన అటువైపే. దక్షిణం పక్కన నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది.

యాప్‌ల గురించి గట్టిగా చెప్పాలి. విండీ వంటి యాప్‌లు తెరవగానే కదిలే రంగుల గాలి పటం ఉపగ్రహ చిత్రం కాదు. అది కంప్యూటర్ మోడల్ వేసిన లెక్క. యాప్‌లో ఉపగ్రహ చిత్రాల పొర వేరే ఉంటుంది. పది రోజుల తర్వాత బంగాళాఖాతంలో సుడి చూపించే పటం జరిగినదాన్ని చూపడం లేదు, జరగవచ్చని అంచనా వేస్తోంది. నాలుగో రోజు అదే యాప్‌లో ఆ సుడి మాయమైపోతే పిల్లలు ఆశ్చర్యపోకూడదు. తరగతి గోడ మీద 'చూసింది' అని ఒక వరస, 'లెక్క వేసింది' అని ఇంకో వరస పెట్టి, తెచ్చిన ప్రతి బొమ్మనూ ఏదో ఒక వరసలో అతికించమనండి.

ఇవన్నీ చేసినా సరిచూసుకోకపోతే చదువు సగమే. అందుకు వర్షమాపకం కావాలి. 2 లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా తిరగేసి అందులోనే పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గోడలు నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టండి. అక్కణ్నుంచి మిల్లీమీటర్ల స్కేలు అతికించండి. ఆ సీసా గరాటునే వాడాలి. 10 సెంటీమీటర్ల గరాటును 5 సెంటీమీటర్ల సీసాకు పెడితే వాన నాలుగింతలు కనిపిస్తుంది. గోడలు, చెట్ల నుంచి వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య ఉంచండి. రోజూ ఉదయం 8:30కే కొలవాలి, వాతావరణ శాఖ లెక్క కూడా ఆ గంటకే. 2.5 మిల్లీమీటర్లు దాటితే వాన పడిన రోజు, 64.5 దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఎండ రోజుల్లో నీళ్లు ఆవిరైపోతాయి, సున్నా గీత దాకా మళ్లీ నింపడం మరిచిపోవద్దు.

మార్కులు వేసే పద్ధతిలో ఒక మోసం దాగి ఉంటుంది. 'ఎన్ని రోజులు సరిగ్గా చెప్పారు' అని లెక్కిస్తే, డిసెంబరులో రోజూ 'వాన లేదు' అని రాసినవాడికే మొదటి మార్కు వస్తుంది. అందుకని నాలుగు గళ్ల పట్టిక పెట్టండి: చెప్పాడు-పడింది, చెప్పాడు-పడలేదు, చెప్పలేదు-పడింది, చెప్పలేదు-పడలేదు. నాలుగో గడిని పక్కన పెట్టి మిగతా మూడింటితో మార్కులు వేయండి. 'నిన్నటిలాగే రేపూ' అనే ఊహను ఒక విద్యార్థిగా పట్టికలో చేర్చండి. దానికన్నా ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు నిజంగా చిత్రం చదివినట్టు. తప్పు చెప్పినందుకు మార్కులు తగ్గించినా, ఏ చిత్రంలో ఏ గుర్తు చూసి అలా చెప్పారో రాసినవాళ్లకు విడిగా మార్కులు ఇవ్వండి.

పిల్లలు రాసిన అంచనాలు నోటుబుక్కు దాటకూడదు. బడి పేరుతో వాట్సాప్‌లో వాన కబుర్లు పంపితే ఊరికి చేటు. హెచ్చరిక చెప్పే అధికారం వాతావరణ శాఖది. పసుపు రంగు వస్తే గమనిస్తూ ఉండాలని, నారింజ వస్తే సిద్ధపడాలని, ఎరుపు వస్తే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోవాలని చెప్పండి.

విద్యాశాఖ నుంచి మాకు కావలసినవి: ఆగస్టులో ప్రతి మండలం నుంచి ఒక సైన్సు, ఒక సోషల్ టీచరుకు కలిపి రెండు రోజుల శిక్షణ. ఈ పాఠం ఇద్దరిదీ కాబట్టి విడివిడిగా పెడితే పటం ఒకరి దగ్గర, చిత్రం ఇంకొకరి దగ్గర మిగిలిపోతాయి. వారానికి రెండు పీరియడ్లకు ఉత్తర్వు. బడికి నెలకు వంద ఏ4 కాగితాల అచ్చు ఖర్చు. ఇంటర్నెట్ లేని బళ్లకు పొగమంచు, వేసవి ఉరుము, వాయుగుండం, తుపాను, మేఘాల్లేని రోజు అని అయిదు జతల చిత్రాలు ముందే అచ్చు వేయించిన సంచి. ఆ జతలు ఎంపిక చేసి, పక్కన జవాబుల కాగితంతో సహా జూలై నెలాఖరుకు మేం సిద్ధం చేసి ఇస్తాం. శిక్షణకు కూడా వస్తాం, ప్రతిఫలం అక్కర్లేదు. తేదీలు, చోటు చెబితే చాలు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి, వాతావరణ పటాలతో, ఉపగ్రహ చిత్రాలతో పని చేసే కొందరం